బ్రేకు వేసినవాడు

మా తమ్ముడు పోయిన మూడేళ్ళకు, ఒక ఎండాకాలం, వాడి మీద సినిమా తీస్తామంటూ నలుగురు మనుషులు మా ఇంటికి వచ్చారు. కల్పించిన కథ కాదు, జరిగింది జరిగినట్టు చూపించే డాక్యుమెంటరీ అన్నారు. జరిగింది జరిగినట్టు అన్న మాట వినగానే మా అమ్మ ఫ్యాను వాళ్ళవైపు తిప్పింది. ఆ మాట అనకపోయి ఉంటే గుమ్మంలోంచే పంపేసేది.

తమ్ముడు రేసు కారు నడిపేవాడు. తోటి డ్రైవర్లు వాణ్ణి తూనీగ అనేవాళ్ళు. సన్నగా ఉండేవాడు, ఒకచోట కుదురుగా నిలబడేవాడు కాదు. ఇరవై నాలుగో ఏట, ఆ ఏడాది చివరి రేసులో, ఆఖరి మలుపు దగ్గర వాడి కారు రోడ్డు దిగి, ఇసుక దాటి గోడకు కొట్టుకుంది. ఆ కారు మా షెడ్డులో నాన్నా నేనూ కలిసి కట్టిందే. ఇంజను నాన్నది. బ్రేకులు నావి.

ట్రాక్ కంపెనీ వేసిన విచారణ సంఘం రెండు నెలలు కూర్చుని పేజీన్నర నివేదిక రాసింది. అందులో రెండు వాక్యాలు మా ముగ్గురికీ కంఠతా వచ్చు. "డ్రైవరు మితిమీరిన వేగంతో వచ్చి సకాలంలో బ్రేకు వేయలేదు. రోడ్డుపై బ్రేకు వేసిన ఆనవాళ్ళు లేవు." మూడేళ్ళలో ఆ వాక్యాలను మేం ఒకరి ముందు ఒకరం ఒక్కసారి కూడా పైకి అనలేదు.

వచ్చిన నలుగురికీ పెద్ద ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని తిరిగేది, అవసరమైనప్పుడు దానికోసం సంచీ అంతా వెతికేది. అమ్మ మొదటి రోజే ఆవిడకు డైరెక్టరమ్మ అని పేరు పెట్టేసింది.

ఆ మొదటి రోజు ముందు గదిలో సోఫా పక్కకు జరిపి, కిటికీ పక్కన కుర్చీ వేసి, అమ్మను కూర్చోబెట్టి, ఒళ్ళో తమ్ముడి హెల్మెట్ పెట్టారు. అమ్మ అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. టౌను బస్సు నడుపుతుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఖాకీ చొక్కా మార్చుకుంటానంటే డైరెక్టరమ్మ వద్దంది, బాగుందంది.

"అమ్మా, ఆ రోజు పొద్దున వెళ్ళొద్దని మీకు ఎక్కడో అనిపించి ఉంటుంది కదా. ఆ మాట చెప్పండి."

"అనిపించలేదు."

"తల్లి మనసు కదా, ఏదో ఒక..."

"తల్లి మనసుకి ఆ రోజు ఐదింటికి డ్యూటీ ఉంది. వాడింకా నిద్రలోనే ఉన్నాడు. జారిపోయిన దుప్పటి కాళ్ళ మీదకి లాగి వెళ్ళిపోయాను. అంతే."

డైరెక్టరమ్మ చేతిలో కాగితం తిరగేసింది. "అబ్బాయిని ఈ పందేల్లోకి పంపినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా?"

"వాడు పోయినందుకు బాధపడుతున్నాను. పంపినందుకు కాదు. రెండూ ఒకటి కాదు. సరిగా పడలేదంటే చెప్పండి, మళ్ళీ చెప్తాను."

అని లేచి హెల్మెట్ తీసుకెళ్ళి అల్మరాలో పెట్టేసింది. "ఇది నెత్తిన పెట్టుకునే వస్తువు. ఒళ్ళో పెట్టుకునేది కాదు" అంది.

కెమెరా పట్టుకున్నతను తల వంచుకుని నవ్వాపుకోవడం చూశాను. నాకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మ ఏడుస్తుందేమోనని పొద్దుటినుంచీ భయపడుతూ ఉన్నదాన్ని. ఏడవకపోయేసరికి ఇంకా భయమేసింది.

వారం పది రోజులు వాళ్ళు షెడ్డులోనే తిరిగారు. నాన్న ఇంజను విప్పుతుంటే తీశారు. నేను సైలెన్సరుకి అతుకు వేస్తుంటే తీశారు. నన్ను ఒకటే అడిగారు, తమ్ముడి కారులో మీరు చేసిన పని ఏమిటి అని. బ్రేకులు, స్టీరింగు అన్నాను. ఇప్పుడు చేయరా అన్నారు. ఇప్పుడు షెడ్డులో బ్రేకు పని నాన్న చూస్తాడు అన్నాను. ఎందుకని అడగలేదు వాళ్ళు. అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తమ్ముణ్ణి సాగనంపి వచ్చిన నాలుగో రోజున షెడ్డు తలుపు తీస్తూ నాన్న అన్నాడు, "బ్రేకులు వస్తే నాకు వదిలెయ్యి" అని. అంతే. ఇంకో మాట లేదు. ఆ తర్వాత మూడేళ్ళుగా బ్రేకు పనికి ఏ బండి వచ్చినా ఆయనే వంగేవాడు, నడుం నొప్పితో మూలుగుతూ అయినా సరే. నేను అర్థం చేసుకోవలసింది అర్థం చేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ మాకు అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకు వచ్చేసరికి, డైరెక్టరమ్మ టైర్ల మీద కూర్చుని, సినిమాలో వెనకనుంచి వినిపించే మాటలు రాసుకున్నవి మాకు చదివి వినిపిస్తోంది. "అతనికి వేగమే ఊపిరి. బ్రేకు అంటే ఏమిటో ఎరగని కుర్రవాడు. మృత్యువుతో పందెం వేసి, నవ్వుతూ ఓడిపోయాడు."

అమ్మ క్యారియరు బల్ల మీద పెట్టింది. "చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మీరు వాడికి ఉన్న కళ్ళు కూడా తీసేశారే" అంది.

"అమ్మా, ఇది కాస్త కవిత్వంగా..."

"రెండోది మళ్ళీ చదవండి."

"బ్రేకు అంటే ఏమిటో ఎరగని..."

"చాలు. రేపు నాకు సెలవు. పది గంటలకి డిపోకి రండి. కెమెరా తెచ్చుకోండి."

డిపో వెనక పాత బస్సులు నిలిపే పెద్ద మైదానం ఉంది. కొత్త డ్రైవర్లకు అక్కడే నేర్పుతారు. డిపో మేనేజరు అమ్మను కాదనలేక ఒక ఖాళీ బస్సు ఇచ్చాడు. ఆ మనిషికి డ్రైవింగ్ నేర్పింది కూడా అమ్మే.

అమ్మ డైరెక్టరమ్మను బస్సు నడిమధ్యలో నిలబెట్టింది. "దేన్నీ పట్టుకోవద్దు" అంది.

"పడితే?"

"పడితే నా ఉద్యోగం వదిలేస్తాను."

బస్సు కదిలింది. మైదానం చివరిదాకా వేగం పెంచుకుంటూ పోయింది. ఎదురుగా ప్రహరీ గోడ పెద్దదవుతోంది. వెనక సీట్లో ఉన్న కెమెరా మనిషి నోట్లోంచి ఏదో ప్రార్థన వస్తోంది. గోడకు నాలుగు మీటర్ల దూరంలో బస్సు ఆగింది. ఎప్పుడు ఆగిందో తెలియలేదు. డైరెక్టరమ్మ రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

అమ్మ సీట్లోంచి వెనక్కి తిరిగింది. "నిలబడ్డవాడు పడకుండా ఆపడమే బ్రేకు వెయ్యడం. వాడికి పదమూడో ఏట ఇక్కడ, ఇదే మైదానంలో మొదలుపెట్టాను. మొదటి ఆరు నెలలూ బండి ఆపడం తప్ప ఇంకేం నేర్పలేదు. ఎక్సిలేటరు తొక్కడం గాడిదకి కూడా వస్తుంది. మా అమ్మాయిని ఇలా నిలబెట్టి, వాణ్ణి నడపమనేదాన్ని. అది పడితే వాడికి ఆ పూట అన్నం లేదు."

"రెండుసార్లు పడ్డాను" అన్నాను నేను.

"రెండుసార్లూ నువ్వు కావాలని పడ్డావు. నాకు తెలుసు." డైరెక్టరమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడు రాసుకోండి. బ్రేకు అంటే ఏమిటో ఎరగడు అని. రాయగలిగితే రాయండి."

ఆవిడ రాయలేదు. దిగి వెళ్ళి బస్సు నీడలో చాలాసేపు కూర్చుంది.

మర్నాడు షెడ్డుకు వచ్చి నాన్నను అడిగింది. "ఆ కారు ఇప్పుడెక్కడుంది?"

"తుక్కుకి ఇచ్చేశాను."

"మొత్తమా?"

నాన్న చేతులు తుడుచుకునే గుడ్డ కోసం అటూ ఇటూ వెతికాడు. అది ఆయన భుజం మీదే ఉంది.

"మొత్తం కాదు" అన్నాను నేను. "కంప్రెసరు వెనక ఒక చెక్కపెట్టె ఉంది. ముందు చక్రాలు రెండూ, వాటి బ్రేకులూ అందులో ఉన్నాయి."

నాన్న నన్ను చూశాడు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలిసినట్టు నాకూ తెలుసు. మూడేళ్ళుగా ఇద్దరం ఆ పెట్టె చుట్టూ తిరిగి వెళ్ళాం. కంప్రెసరు బాగుచేయాల్సి వచ్చినా వెనక్కి వెళ్ళకుండా ముందునుంచే చేతులు దూర్చి చేశాం.

డైరెక్టరమ్మ తెలివైనది. టీ తాగి వస్తామని తన మనుషుల్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"తెరుద్దాం నాన్నా" అన్నాను.

"వద్దమ్మా."

"ఎందుకు?"

"ఏముంటుంది అందులో. ఇనుము."

"ఇనుమే అయితే తెరవడానికి భయమెందుకు?"

అమ్మ ఆ సరికి డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న ఆమెను చూసి, నన్ను చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మా నాన్న కూర్చుని మాట్లాడే మనిషి కాదు.

"తెరిచాక ఏదో ఒక హోసు చిరిగి ఉందనుకో. ఒక నట్టు వదులుగా ఉందనుకో" అన్నాడు. "అప్పుడేం చేస్తాం? వాడు పోయాడు. ఆ నట్టు చూశాక నువ్వు ఉంటావా? తిండి తింటావా? వాడు బ్రేకు వెయ్యలేదని వాళ్ళు రాశారు. రాసుకోనీ అనుకున్నాను. వాడికి ఇంక నొప్పి లేదు కదా. నీకు ఉంటుంది."

మూడేళ్ళు నేను అర్థం చేసుకున్నదంతా తలకిందులుగా అర్థం చేసుకున్నానని అప్పుడు తెలిసింది. ఆయన నన్ను శిక్షిస్తున్నాడనుకున్నాను. ఆయన నన్ను దాచిపెడుతున్నాడు. కొడుకు పేరును గోడగా పెట్టి.

అమ్మ నెమ్మదిగానే అంది. "ఏమండీ, నేనూ అదే నమ్మాను. బ్రేకు వెయ్యలేదంటే వెయ్యలేదేమో అనుకుని, నేర్పిందాన్ని నేనే కాబట్టి తప్పు నాదే అనుకున్నాను. మూడేళ్ళు బస్సు ఆపిన ప్రతిసారీ అనుకున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కదా."

"పారెయ్యడానికి చెయ్యి రాలేదు" అన్నాడు నాన్న. "తెరవడానికీ రాలేదు."

"నాకొస్తుంది" అన్నాను. "తప్పు నాదైతే నాది అని నేనే చెప్తాను. కెమెరా ముందే చెప్తాను. వాడి నెత్తిన మాత్రం ఉండనివ్వను."

నాన్న లేచి, గోడకున్న మేకులు పీకే బద్ద తీసి నా చేతికిచ్చాడు.

ఆదివారం తెరిచాం. ఆ రోజు సినిమా వాళ్ళకు సెలవు. డైరెక్టరమ్మ ఒక్కతే తన సొంత చిన్న కెమెరాతో వచ్చింది. ఎందుకని అడిగితే, తర్వాత చెప్తానంది.

పెట్టెను ఇవతలికి లాగి దుమ్ము తుడిచాక మొదట కనబడింది మూత చుట్టూ అంటించిన కాగితం పట్టీ. దాని మీద కంపెనీ ముద్ర, తేదీ. ప్రమాదం జరిగిన రోజు తేదీ. పట్టీ ఎక్కడా చిరగలేదు.

"ఇది వాళ్ళు ఆ సాయంత్రమే ట్రాక్ దగ్గర కట్టేసిన పెట్టె. విచారణ అయ్యాక కారుతోపాటు మనకి అప్పగించారు" అన్నాను. "నాన్న తెరవలేదు. సరే. వాళ్ళూ తెరవలేదు."

"రెండు నెలల విచారణ" అంది అమ్మ.

మేకులు ఊడదీశాను. ఎడమ చక్రం బల్ల మీదకెక్కించాం. నాన్న దీపం పట్టుకున్నాడు. స్పానరు పట్టుకున్నాక పని పనిలాగే అయిపోయింది. ప్యాడ్లు తీశాను. రెండూ సమంగా అరిగి ఉన్నాయి. హోసు చివరిదాకా వేలితో తడిమాను. చీలిక లేదు. నేను బిగించిన రెండు నట్ల మీదా నేను పెట్టిన పచ్చరంగు గీతలున్నాయి, బిగించాక నట్టు కదిలితే గీత విరిగిపోవాలి. రెండు గీతలూ నిలువునా అలాగే ఉన్నాయి. కుడివైపుదీ అంతే. నాలుగు గీతలు. నాలుగూ నిలువుగానే ఉన్నాయి.

నేను స్పానరు కింద పెట్టాను.

"ఆగు" అన్నాడు నాన్న. ఆయన బ్రేకు చూడటం లేదు. టైరు చూస్తున్నాడు. "దీన్ని తిప్పు."

రేసు టైరు నున్నగా ఉంటుంది, గాడులు ఉండవు. దీపం కింద మెల్లగా తిప్పాను. టైరంతా శుభ్రంగా ఉంది. ఒక్కచోట మాత్రం, అరచెయ్యంత మేర, నల్లగా జిగురుగా ఏదో ఎండిపోయి, దాని మీద ఇసుక గట్టిగా పట్టేసి ఉంది. రెండో టైరు తిప్పాను. అందులోనూ అంతే. అరచెయ్యంత. ఒకే చోట.

నాన్న గోటితో గీకి వాసన చూశాడు. "ఇంజనాయిలు" అన్నాడు.

"కారులోంచి కారి ఉంటుందా?" అంది డైరెక్టరమ్మ కెమెరా వెనకనుంచి.

"మా ఇంజను వెనక ఉంటుందండి. ముందు చక్రాలకి మా నూనె తగిలే దారే లేదు. ఇది రోడ్డు మీది నూనె." ఆయన గొంతు ఎన్నడూ లేనంత స్థిరంగా ఉంది. "తిరిగే చక్రానికి నూనె తగిలితే చుట్టూ పూసుకుంటుంది. ఒక్కచోటే అంటిందంటే, నూనె మీదకి వచ్చేసరికి చక్రం తిరగడం లేదు."

"అంటే?"

నాన్న నన్ను చూశాడు. నన్నే చెప్పమన్నట్టు.

"అంటే బ్రేకు పట్టింది" అన్నాను. "వాడు బ్రేకు వేశాడు. గట్టిగా, చివరిదాకా. నూనె మీద జారిన టైరు రోడ్డు మీద గీత గియ్యదు. అందుకే వాళ్ళకి ఆనవాలు కనబడలేదు."

అమ్మ టైరు దగ్గరకు వచ్చింది. ఆ నల్లటి చోట అరచెయ్యి ఆనించింది. కెమెరా నడుస్తోందని ఆమెకు గుర్తుందో లేదో. "చూశారా" అంది, ఎవరితో అందో తెలియదు. "నేర్పినట్టే వేశాడు."

అప్పుడు చెప్పింది డైరెక్టరమ్మ. సినిమాకు ఖర్చు పెడుతున్నది ట్రాక్ కంపెనీయేనట. కొత్త రేసుల కాలం మొదలయ్యే రోజున చూపించడానికి తీయించుకుంటున్నారట. "మీకు ముందే చెప్పాల్సింది. చెప్తే ఒప్పుకోరని చెప్పలేదు. అందుకే ఇవాళ నా కెమెరాతో వచ్చాను. ఇవాళ తీసింది వాళ్ళది కాదు."

"దొంగ చేతికి తాళాలిచ్చామన్నమాట" అంది అమ్మ. తర్వాత, "టీ తాగుతావా" అంది. అండీ అనలేదు. అమ్మ నువ్వు అన్నదంటే మనిషిని ఇంట్లో కలుపుకున్నట్టు.

నూనె ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు వెళ్తున్న కారు ఇంజను ఆ మలుపులోనే పగిలిందని అందరికీ తెలుసు, దాని నూనె రోడ్డు మీద పడిందని మాత్రం నివేదికలో లేదు. తెలియాల్సింది ఇంకొకటి. రోడ్డు మీద నూనె పడితే మలుపు దగ్గరి పోస్టులో నిలబడ్డ జెండా మనిషి పసుపు మీద ఎర్ర చారల జెండా చూపించాలి. వెనక వచ్చేవాడు అది చూసి ముందే నెమ్మదిస్తాడు. ఆ రోజు జెండా ఎందుకు లేవలేదు?

ఆ జెండా మనిషి ఇప్పుడు ట్రాక్ బయట వాహనాలు నిలిపే చోట చీటీలు చింపుతున్నాడు. డైరెక్టరమ్మ అతణ్ణి మా షెడ్డుకు తీసుకొచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆ ఏడు మనుషుల్ని తగ్గించారు. పద్నాలుగు పోస్టులకి తొమ్మిది మందిమి. నాకు రెండు పోస్టులు. ఒకదాని నుంచి ఇంకోదానికి రెండొందల మీటర్లు. నేను వెనక పోస్టులో ఉన్నాను. పొగ చూసి జెండా పట్టుకుని పరిగెత్తాను." అతను నేల చూశాడు. "అందుకోలేకపోయాను. విచారణలో చెప్పాను. రాసుకున్నట్టు చేశారు. నివేదికలో లేదు. నెల తిరక్కుండా నన్ను గేటు బయటికి మార్చారు."

"ఇప్పుడు ఎంతమంది?" అన్నాడు నాన్న.

"ఇప్పుడూ తొమ్మిదే."

ట్రాక్ మేనేజరు మమ్మల్ని ఆఫీసుకు పిలిచాడు. చల్లటి గది, మెత్తటి మనిషి. సినిమాలో మా ముగ్గురం కనబడటానికి ఒప్పుకుంటున్నామని రాసిన కాగితం బల్ల మీద పెట్టాడు. షెడ్డులో ఏదో తీశారని విన్నాను, అవి సినిమాలో ఇమడవు అన్నాడు.

"మీ అబ్బాయిని హీరోగా చూపిస్తున్నామమ్మా. అంతే కాదు, ఆఖరి మలుపుకి ఆయన పేరు పెడుతున్నాం."

"ఏ మలుపుకి? మీ మనిషి లేని మలుపుకా?" అంది అమ్మ.

అతను నవ్వు మానేశాడు. "సంతకం పెట్టకపోతే సినిమా ఆగదు. మీరు అందులో కనబడరు, అంతే."

"మేం కనబడకపోతే పోయె. మాకు కనబడింది చాలు." కాగితాన్ని ఒక్క వేలితో బల్ల అవతలికి నెట్టింది.

లేచి వచ్చేస్తుంటే నాన్న గుమ్మం దగ్గర ఆగాడు. "పద్నాలుగు పోస్టులు. తొమ్మిది మంది. ఈ ఏడాది మనిషి లేని మిగతా నాలుగు మలుపులకి ఎవరి పేర్లు అనుకున్నారు?"

మెట్లు దిగుతూ అమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది. బజారులో మా అమ్మానాన్నా చేతులు పట్టుకుని నడవడం నేను చూడటం అదే మొదలు.

డైరెక్టరమ్మ ఆ సినిమాలోంచి తన పేరు తీయించేసుకుంది. కంపెనీ వాళ్ళు వేరే ఎవరితోనో పూర్తి చేయించుకున్నారు. ఆవిడ మాత్రం తను తీసిన ముక్కలు, జెండా మనిషి చెప్పింది, డిపోలో బస్సు, అన్నీ కలిపి ముప్పై నిమిషాలకు కుదించింది.

కొత్త కాలం మొదటి రేసుకు వారం ముందు, ఒక మధ్యాహ్నం, డ్రైవర్లందరినీ మా షెడ్డుకు పిలిచాం. పదహారు మంది. షట్టరు కిందికి దించి, గోడకు దుప్పటి కట్టి, వాళ్ళను టైర్ల మీదా పెట్టెల మీదా కూర్చోబెట్టాం. గాలి లేదు. చెమటకు అందరి చొక్కాలూ ఒంటికి అంటుకుపోయాయి. ఒక్కడూ లేవలేదు.

వాళ్ళలో రెండోవాడు అనే అతనున్నాడు. తమ్ముడు బతికున్నన్నాళ్ళూ ప్రతి రేసులో వాడి వెనక రెండోవాడిగా వచ్చినందుకు ఆ పేరు. ఇప్పుడు అన్నిట్లో మొదట వస్తున్నా పేరు మారలేదు. ఆ రోజు రేసులో తమ్ముడి వెనకే వస్తున్నదీ అతనే. సినిమా అయిపోయాక వచ్చి బల్ల మీదున్న టైరు పక్కన నిలబడ్డాడు.

"ఆ మలుపులో వాడు కాస్త ముందే బ్రేకు వేసేవాడు. అందుకే నేనెప్పుడూ అక్కడ దగ్గరికి వచ్చేవాణ్ణి. పిరికివాడని ఆట పట్టించేవాణ్ణి" అన్నాడు. "విచారణలో నన్ను ఎవరూ అడగలేదు. అడగలేదని నేనూ ఊరుకున్నాను అక్కా. అది నా తప్పు."

"ఇప్పుడు ఊరుకోకు" అంది అమ్మ.

అతను మిగతావాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు అప్పటికే గుంపుగా చేరి మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ జెండా మనిషిని తమతో తీసుకెళ్ళారు.

రేసు రోజున మేం టిక్కెట్టు కొనుక్కునే వెళ్ళాం. స్టాండు నిండా జనం. ముందు కంపెనీ వాళ్ళ సినిమా పెద్ద తెర మీద వేశారు. తమ్ముడు నవ్వుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు, మంద్రమైన మగ గొంతు మృత్యువు గురించి ఏదో చెబుతోంది. అమ్మ అంతా చూసింది. "ఈ చొక్కా నేను కుట్టిందే" అంది, అంతే.

కార్లు వచ్చి గీత మీద నిలబడ్డాయి. పదహారు. లౌడ్ స్పీకర్లో అంకెలు చదివారు. జెండా కిందికి దిగింది.

ఒక్క కారూ కదల్లేదు.

ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మొదటి వరసలో రెండోవాడు తన స్టీరింగు చక్రం ఊడదీసి కారు ముక్కు మీద పెట్టాడు. ఆ కార్లలో అది ఊడివస్తుంది. పక్కవాడు పెట్టాడు. వెనకవాడు పెట్టాడు. పదహారు చక్రాలు పదహారు కార్ల మీద. జనం మొదట ఈలలు వేశారు. తర్వాత అవీ ఆగిపోయాయి.

మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతను ఏదేదో చెబుతుంటే రెండోవాడు ఒకే ఒక్క మాట అన్నాడట. "పోస్టులు."

ఇప్పటికిప్పుడు మనుషుల్ని ఎక్కడినుంచి తేను అన్నాడట మేనేజరు. అప్పుడు స్టాండు మొదటి వరసలోంచి ఐదుగురు లేచారు. ఆ ఏడు తగ్గించిన వాళ్ళు. జెండా మనిషి వాళ్ళను ఇళ్ళకు వెళ్ళి పిలుచుకొచ్చి, పొద్దుటినుంచీ అక్కడ కూర్చోబెట్టాడు. గేటు బయట చీటీలు చింపే తన చోటికి వాళ్ళలో ఒకణ్ణి పంపి, తాను ఆఖరి మలుపుకు నడిచాడు. ముప్పావు గంట పట్టింది. ఎక్కడివాడు అక్కడికి చేరగానే జెండా ఎత్తి చూపించాడు. ఒకటి, రెండు, మూడు. స్టాండులో జనం పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పద్నాలుగోది లేచేసరికి నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

నివేదిక ఈ రోజుకీ మారలేదు. మార్చమని మేం రాసిన కాగితాలకు జవాబు రాలేదు. ఇంకా రాస్తూనే ఉన్నాం, ఎవరు ముందు అలసిపోతారో చూద్దాం. కానీ ఆ రోజు తర్వాత ఆ ట్రాక్ మీద ఏ పోస్టూ ఖాళీగా లేదు.

ఆ రోజు పద్నాలుగో జెండా లేచాక ఇంజన్లు మళ్ళీ మొదలయ్యాయి. స్టాండు చెక్కలు కాళ్ళ కింద అదిరాయి. మూడేళ్ళుగా ఆ చప్పుడు టీవీలో వచ్చినా లేచి వెళ్ళిపోయే అమ్మ, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. డైరెక్టరమ్మ కెమెరా ఎత్తి అమ్మ చెవి దగ్గరకు వంగింది.

"అమ్మా, ఇప్పుడు ఏమనిపిస్తోంది?"

"కాస్త పక్కకి జరుగు" అంది అమ్మ. "రేసు చూడనివ్వు."